చాంద్రాయణగుట్ట సంబంధం

పిల్లవాడు నచ్చేవాడు, నౌకరీ నచ్చేది, ఇంటిపేర్లు కుదిరేవి, నక్షత్రాలు కలిసేవి. తీరా ఉండేదెక్కడని అడిగి, చాంద్రాయణగుట్ట అని వినగానే ఎదుటివాళ్ళ మొహంలో దీపం కొండెక్కినట్టయ్యేది. పాలమ్మే రాజమణి అటువంటి మొహాలు ఎన్ని చూసిందో ఆమెకే లెక్క లేదు. కొడుకు కొండల్ బస్సు డిపోలో ఫిట్టరు. తాగడు, పేకముక్క ముట్టడు, జీతం తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. అయినా సంబంధాలు వచ్చినట్టే వచ్చి, మూసీ మీద నయాపూల్ దాటలేక వెనక్కి పోయేవి.

"అమ్మో, పాతబస్తీనా? గక్కడ పొద్దుగూకితే కత్తులు తిరుగుతయట గదా!" అని ఒకావిడ గుండె మీద చెయ్యేసుకుంది. "ఇచ్చినంక మా బిడ్డను సూడనీకి కర్ఫ్యూ పాసు తీసుకోవాల్నా ఏంది?" అని ఇంకొకాయన అడిగి, తన హాస్యానికి తనే పొట్ట ఊగేలా నవ్వుకున్నాడు. మొదట్లో రాజమణి కొట్లాడేది. తర్వాత నచ్చచెప్పేది. ఆ తర్వాత బతిమాలడం కూడా చేసింది. ఇప్పుడు ఆ మూడింటికీ ఓపిక లేదు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, చెప్పులు తొడుక్కుని, బస్సెక్కి వచ్చేస్తోంది.

శంషాబాద్ అవతలి పల్లె నుంచి రాజమణి కోడలిగా వచ్చినప్పుడు చాంద్రాయణగుట్ట చౌరస్తా చుట్టూ ఇళ్ళకంటే రాళ్ళే ఎక్కువ. భర్త రామ్‌చందర్ తండ్రి నాడే ఇంటి పక్కన బర్రెల కొట్టం ఉండేది. అప్పటినుంచి ఆమెకు తెల్లవారుజాము అంటే బర్రెల పొదుగులే. పిండిన పాలను క్యాన్లో పోసుకొని, ఇంకా చీకటి విడవకముందే గల్లీల్లోకి నడిచేది. మెడలో బంగారు గుండ్లు, చెవులకు కమ్మలు, పక్కన మనిషి తోడు లేదు. ఆ గల్లీల్లో ఎక్కువమంది చావూషులు. నిజాం కాలంలో ఫౌజులో చేరడానికి అరబ్బు దేశం నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయినవాళ్ళ పిల్లలు, మనవలు. పొడుగ్గా, గట్టిగా, గొంతు పెట్టి మాట్లాడే మనుషులు. తెలియనివాళ్ళు దూరం నుంచి వింటే తగాదా అనుకుంటారు, వాళ్ళేమో చాయ్ తాగమని పిలుస్తుంటారు. ఇన్నేళ్ళలో ఆ గల్లీల్లో ఎవరూ రాజమణి కొంగు ముట్టింది లేదు. ఆమె కాలి కడియం పోయింది మాత్రం మూసీ అవతల, లష్కర్‌లో, బోనాల జాతరలో, అమ్మవారికి దండం పెట్టుకుంటుంటే.

అలాగని ఇక్కడంతా పాలూ తేనే అంటే అదీ అబద్ధమే. లొల్లి అయిన రోజులు ఆమె చూడలేదా? దుకాణాల తలుపులు దడదడా పడిపోవడం చూసింది. పక్క బస్తీ మనిషి పనికి పోయి ఇంటికి రాకపోవడం చూసింది. కర్ఫ్యూ పెడితే బర్రెలకు తెలియదు కదా, అవి పాలిచ్చేవి. అమ్మే దారి లేక, ఎవరు గిన్నె పట్టుకొస్తే వాళ్ళకు పోసేది. అట్లాంటప్పుడు భయపడని మనిషి లేడు. కానీ ఆ రోజులు పోయాక మళ్ళీ నల్లా కాడ బిందెల కొట్లాట, కోడి పోయిందని ఒకరి మీద ఒకరి అనుమానం, పిల్లల గోలీల తగువు. గల్లీలో నిత్యం జరిగే నేరాలు అవే. ఈ సంగతి బయటివాళ్ళకు చెప్పబోతే వాళ్ళు మొదటి సగమే వింటారు.

ఆ ఏడు మాఘమాసంలో మల్కాజిగిరి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి ఈశ్వరయ్య రైల్వేలో పనిచేస్తాడు, మెత్తని మనిషి. పిల్లను చూసి వచ్చిన కొండల్ రెండు రోజులు సైకిల్ తుడుస్తూ కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి కదా, తల్లి అర్థం చేసుకుంది. అడిగితే, "నచ్చింది" అని ఒక్క ముక్క అన్నాడు. ఇంతకుముందు ఏ పిల్లకూ ఆ ముక్క అనలేదు. అందుకే రాజమణికి ఈసారి భయం. ఇది గనక తప్పిపోతే వీడు మళ్ళీ పెళ్ళిచూపులకు రాడు.

పద్ధతి ప్రకారం పిల్ల తరఫువాళ్ళు వచ్చి ఇల్లు చూసుకోవాలి. చూసి సరే అంటే పూలు, పండ్లు పెట్టుకోవడమే. ఏ రోజు రమ్మనాలి?

"శుక్రవారం దశమి" అంది రాజమణి భర్తతో. "గా దినం మన ముంగటింట్ల ఉమర్ పెండ్లి గూడ ఉన్నది. గల్లీల బాజాలు మోగుతుంటె సుట్టాలు అడుగుపెడతరు. మంచి శకునం."

"బాగనే ఉన్నది" అన్నాడు రామ్‌చందర్ చొప్ప కోస్తూ.

ఇద్దరికిద్దరూ ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. ఉమర్ పుట్టినప్పుడు వాళ్ళమ్మ హబీబాబీకి పాలు చాలకపోతే వాడు తాగింది రాజమణి పోసిన పాలే. పెళ్ళికి పాలు కూడా ఆమె దగ్గరినుంచే. ఉమర్ తండ్రి చావూష్‌సాబ్ ఆబిడ్స్‌లో ఒక బ్యాంకు తలుపు దగ్గర తుపాకీ పట్టుకొని కాపలా ఉంటాడు. మూసీ అవతలివాళ్ళు తమ సొమ్మంతా ఆయన మీసాల కింద వదిలి నిశ్చింతగా నిద్రపోతారు. ఈ ఇంటి పెళ్ళిలో భయపడేది ఏముందని రాజమణికి తోచనే లేదు. చేప నీళ్ళను చూసి భయపడదు కదా.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక ముందింట్లో సందడి మొదలైంది. రాజమణి వాకిట్లో సాన్పు చల్లి, ముగ్గేసి, కొట్టం కడిగించి, చాయ్‌కి పాలు పక్కన పెట్టి, కొత్త దుప్పటి పరిచిన మంచం మీద ఎవరినీ కూర్చోనివ్వకుండా కాచుకుంది. రామ్‌చందర్‌ను చౌరస్తాకు ఎదురు పంపింది. ఆయనకు దారిలో ఎవరో గడ్డి బేరం చెప్పారు. నిలబడ్డాడు. మల్కాజిగిరివాళ్ళు ఆయన కళ్ళబడకుండానే బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ గల్లీలోకి వచ్చేశారు.

వచ్చింది నలుగురు. పిల్ల తండ్రి ఈశ్వరయ్య, తల్లి సుశీలమ్మ, సుశీలమ్మ తమ్ముడు వైకుంఠం, వాళ్ళిద్దరి తల్లి ఆగమ్మ. ముసలామె ఊతకర్ర పట్టుకొని వెనక నిదానంగా వస్తోంది. వైకుంఠం ఏదో కచేరీలో గుమాస్తా, రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చదివే మనిషి. మేనకోడలి పెళ్ళి బాధ్యత మొత్తం తన నెత్తినే ఉన్నట్టు ముందు నడుస్తున్నాడు. చేతిలో పండ్ల సంచి.

సరిగ్గా మలుపు తిరిగేసరికి మర్ఫా అందుకుంది. చావూషుల పెళ్ళంటే మర్ఫా లేకుండా కాదు. డప్పులు ఒక్కసారి దద్దరిల్లితే గోడలకున్న సున్నం రాలుతుంది. ఆ దరువుకు మొగవాళ్ళు గుండ్రంగా చేరి ఆడతారు. ఊరికే ఆడరు, వంకర కత్తులు పైకెత్తి, గిరగిర తిప్పుతూ, మధ్య మధ్య పొలికేకలు పెడుతూ ఆడతారు. ఉమర్ స్నేహితులు పాతికమందికి తక్కువ లేరు. చెమటతో అంగీలు వీపులకు అంటుకున్నాయి. ఎండలో కత్తులు తళతళమంటున్నాయి.

ఆ దృశ్యం వైకుంఠం కళ్ళబడింది.

"లొల్లి అయింది! బావా, ఉరుకుండ్రి!" అని ఒక కేక పెట్టి, అక్క రెక్క పట్టుకొని వెనుదిరిగాడు. ఈశ్వరయ్య ఏమిటో చూడబోయేలోగా సుశీలమ్మ ఆయన అంగీ పట్టి లాగింది. ముగ్గురూ ఒకే పరుగు. ఆ గాభరాలో పండ్ల సంచి కింద పడింది, బత్తాయిలు మోరీ వెంట దొర్లాయి. ఆడుతున్నవాళ్ళలో ఒక కుర్రవాడు చూసి, అయ్యో పెద్దమనిషి సంచి పడిపోయిందని ఏరి సంచిలో వేసుకుని వెంటపడ్డాడు. పాపం మంచివాడే, కానీ చేతిలో కత్తి ఉందన్న సంగతి మరిచిపోయాడు.

"చాచా! ఠైరో చాచా! అరె ఠైరో జీ!"

వైకుంఠం ఒక్కసారి వెనక్కి చూశాడు. కత్తి కనబడింది, సంచి కనబడలేదు. ఆ తర్వాత ఆయన పరుగును గుర్రం కూడా అందుకోలేకపోయేది.

ముసలి ఆగమ్మ మాత్రం మలుపు దగ్గరే నిలబడిపోయింది. ఉరికే కాళ్ళా అవి? కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎలాగూ చచ్చేదే కదా అని కళ్ళు మూసుకుందట. తెరిచేసరికి ఒక ఆడమనిషి ఆమె చెయ్యి పట్టుకొని, "ఆవో అమ్మా, ధూప్‌లో కాయ్‌కు ఖడే? అందర్ బైఠో" అని ఎండలోంచి లోపలికి పిలుస్తోంది. ఆమే హబీబాబీ, పెళ్ళికొడుకు తల్లి. తమ పెళ్ళికి ఎవరో దూరం నుంచి వచ్చిన ముసలామె అనుకుంది.

రాజమణి డప్పుల చప్పుడుకు బయటికొచ్చి, చుట్టాలు ఇంకా రాలేదేమని కళ్ళు చికిలించి చూస్తుంటే, ముందింటి షామియానా కింద కుర్చీలో తెల్లజుట్టు ముసలామె ఒకరు గిన్నెలో ఎండుపండ్లతో వండిన ఖుబానీకా మీఠా తింటూ కనబడింది. ముక్కుకు నత్తు, నుదుటికి బొట్టు, చేతికి పచ్చబొట్టు. ఈ వాలకం చావూషుల చుట్టాలది కాదే అనుకుని దగ్గరికి పోయింది.

"ఎవరవ్వా నువ్వు?"

"మల్కాజిగిరి కెల్లి అచ్చిన బిడ్డా. పాలోళ్ళ రామ్‌చందర్ ఇల్లు సూడనీకి."

రాజమణి గల్లీ చివరిదాకా చూసింది. "నేనే రాజమణిని. మిగిలినోళ్ళేరి?"

"ఉరికిండ్రు" అంది ముసలామె చెంచా నాకుతూ. "నన్ను ఇడిసిపెట్టి ఉరికిండ్రు. నా కొడుకే ముంగట. గీ పండేందమ్మా, మస్తుగున్నది?"

ఎవరో జరిగింది చెప్పారు. విన్నాక రాజమణి గడప మీద కూలబడింది. ఆమెకు కోపం రాక ముందే అలసట వచ్చింది. తప్పు ఎవరిదని వెతికే ఓపిక కూడా లేదు. వెతికితే తనదే. గల్లీలో కత్తులు ఆడతాయని ముందు ఒక మాట చెప్పి ఉంటే పోయేది. తనకు కత్తిలా కనిపించనిది వాళ్ళకు కత్తే అవుతుందని ఎట్లా తెలియాలి?

ఇంతలో డప్పులు ఆగిపోయాయి.

గల్లీ మొదట్లో పోలీసు జీపు. ముందు సీట్లోంచి ఠాణా పెద్ద అమీన్‌సాబ్ దిగాడు, వెనక నుంచి ఇద్దరు జవాన్లు, వాళ్ళ వెనక వైకుంఠం, ఈశ్వరయ్య, సుశీలమ్మ. "మా అమ్మ! మా అమ్మను ఏం జేసిండ్రో" అని సుశీలమ్మ ఏడుస్తోంది. చౌరస్తా దగ్గర నిలబడ్డ జీపును ఆపి వైకుంఠం చెప్పిందేమిటంటే, కత్తులతో గుంపు వెంటపడింది, మా ముసలామెను పట్టుకున్నారు అని.

పెళ్ళికొడుకు ఉమర్ మొహం మీదికి పూల సెహ్రా వేసుకుని కారులో కూర్చున్నాడు. కారు ఎక్కడిదక్కడే నిలబడింది. జవాన్లు ఆడేవాళ్ళ చేతుల్లోంచి కత్తులు తీసుకొని జీపులో పడేస్తున్నారు. చావూష్‌సాబ్ ఏదో చెప్పబోతే అమీన్‌సాబ్ చెయ్యి చూపించి ఆపాడు. హబీబాబీ కొత్త దుపట్టా కొంగు నోట్లో కుక్కుకుంది. అవతల పెళ్ళికూతురు ఇంటి దగ్గర ఖాజీ ఎదురుచూస్తుంటాడు, పెళ్ళికొడుకు ముందు పోలీసు నిలబడ్డాడు. అమంగళం అంటే ఇంకేమిటి?

"అమ్మా!" అని సుశీలమ్మ పరుగెత్తుకొచ్చి ముసలామెను పట్టుకుంది.

"ఏమైందే? ఎందుకేడుస్తున్నవ్?" అంది ఆగమ్మ. "వీడెవడు, కొడుకా? తల్లిని తొవ్వల ఇడిసి ఉరికేటోడు కొడుకేంది?"

వైకుంఠం ఆ మాట వినలేదు, అమీన్‌సాబ్‌తో మాట్లాడుతున్నాడు. రాజమణి లేచి అటు నడవబోతుంటే ఈశ్వరయ్య ఆమెను గోడ పక్కకు పిలిచాడు. చెమట తుడుచుకుంటూ, గొంతు తగ్గించి, మర్యాదగానే చెప్పాడు.

"అక్కా, గిప్పుడు నువ్వేం మాట్లాడకు. మా బామ్మర్ది పది మందిల మాట అన్నడు, గది పోతె ఆయన ఈ సంబంధం కానియ్యడు. మీ కొండల్ మాకు నచ్చిండు, మా పిల్లకు గూడ నచ్చిండు. లష్కర్ దిక్కు కిరాయికి ఇల్లు తీసుకోమనుండ్రి పిల్లగాన్ని. జరసేపు ఊకుండు. పోలీసోళ్ళు పది నిముషాలు నిలవెట్టి పోతరు, వీళ్ళకు అలవాటే గద."

వీళ్ళకు అలవాటే. ఆ మాట దగ్గర రాజమణి చెవి ఆగిపోయింది. ఆమె కొడుకు వైపు చూసింది. కొండల్ కొట్టం గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన అంగీ, నూనె పెట్టి దువ్విన తల. ఒక్క మాట మింగేస్తే వాడి పెళ్ళి. మింగడం ఆమెకు కొత్త కాదు, ఎన్ని ఇళ్ళలో ఎన్ని మాటలు మింగలేదు? కానీ అవన్నీ తన మీది మాటలు. ఇది హబీబాబీ ఇంటి మీద పడ్డది.

ఎవరూ పిలవకుండానే అమీన్‌సాబ్ ముందుకు పోయి నిలబడింది.

"సార్, గీ నలుగురు మా సుట్టాలు. మా ఇల్లు సూడనీకి అచ్చిండ్రు. పెండ్లి ఆటను సూసి భయపడ్డరు, గంతే. ఈ ఆడేటోళ్ళు ఎవ్వల్ని ఏమన్లే."

"ఎంటపడలేదా?" అన్నాడు అమీన్‌సాబ్.

"పడ్డరు. సంచి ఇయ్యనీకి పడ్డరు."

సంచి పట్టుకున్న కుర్రవాడు ఇంకా ఆ సంచితోనే ఒక మూల నిలబడి ఉన్నాడు. సిగ్గుపడుతూ ముందుకొచ్చి, "చాచా, ఆప్‌కే మోసంబియాఁ" అని బత్తాయిలు వైకుంఠానికి అందించాడు. ఒక జవాను ముందు నవ్వాడు. ఆ తర్వాత డప్పులవాళ్ళు. తర్వాత గోడల మీది ఆడవాళ్ళు. "ముసలవ్వనైతే మీఠాతోని సంపబట్టిరి" అని ఎవరో అన్నారు. గల్లీ అంతా పగలబడి నవ్వింది. అమీన్‌సాబ్ కూడా మీసం చాటున పెదవి కొరుక్కున్నాడు.

వైకుంఠం మొహం మాడిపోయింది. ఆ నవ్వులో ఒక్కరైనా చెడ్డగా నవ్వలేదు, కానీ నవ్వించుకున్న మనిషికి ఆ తేడా తెలియదు. రాజమణికి అర్థమైపోయింది. కత్తులు చెడగొట్టని సంబంధాన్ని ఈ నవ్వు చెడగొట్టింది. ఆయన సంచి అందుకోలేదు. కిందపెట్టమని కూడా అనలేదు. "నడువుండ్రి బావా" అన్నాడు.

"అన్నా, గింత దూరం అచ్చిండ్రు, చాయ్ అన్న తాగి పోండ్రి" అంది రాజమణి. అడగాలి కాబట్టి అడిగింది.

"మీ చాయ్‌లకో దండం."

ఈశ్వరయ్య తల వంచుకుని నడిచాడు. ముసలామె మాత్రం వెనక్కి తిరిగి రాజమణి బుగ్గ పుణికి, "ఇల్లు సూడకున్న నాకైతే నచ్చింది బిడ్డా. ఏం జేస్త, మా ఇంట్ల నా మాట నడిస్తె నేను తొవ్వల ఎందుకు నిలవడుదు?" అని, కర్ర టకటకలాడించుకుంటూ పోయింది.

పెళ్ళికొడుకు కారు కదిలింది. డప్పులు మళ్ళీ మోగాయి గానీ ఆట ఆగిపోయింది. కత్తులు జీపులో పోయాయి, స్టేషనుకొచ్చి తీసుకోమన్నారు. హబీబాబీ రాజమణి ముందు ఒక్క నిమిషం నిలబడింది. కృతజ్ఞత చెప్తుందేమో అనుకుంది రాజమణి.

"క్యా గే రాజమణీ, నీ మేమాన్లు నా బచ్చా పెండ్లిల పోలీసుని దెచ్చిరి. ఏక్ బాత్ ముందు చెప్పొద్దా, వాళ్ళు డర్‌తారని?"

చెప్పి లోపలికి పోయింది. అందులో అబద్ధమేమీ లేదు.

కొండల్ మంచం మీది కొత్త దుప్పటి మడత పెట్టాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. ఏదన్నా అంటే బాగుండునని ఆమె చాలాసేపు అక్కడక్కడే తిరిగింది. చివరికి తనే, "నా మీద కోపమొచ్చిందా బిడ్డా?" అని అడిగింది.

"కోపమేంది? నువ్వు అననియ్యకపోతివి గానీ, గా మాట నేనే అందునమ్మా. నా నోట్లకే అచ్చింది." బకెట్ అందుకుంటూ, "పిల్ల మంచిగుండె" అన్నాడు. అంతే. బర్రెలకు నీళ్ళు పెట్టడానికి పోయాడు.

మర్నాడు డిపోలో ఎవరో చూపించారని కొండల్ ఒక పేపరు తెచ్చాడు. లోపలి పేజీలో చిన్న ముక్క. చాంద్రాయణగుట్టలో ఉద్రిక్తత, మారణాయుధాలు స్వాధీనం, పోలీసుల సకాల జోక్యంతో తప్పిన ముప్పు అని రాశారు. రాజమణి నాలుగో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివింది. బత్తాయిల సంగతి ఎక్కడా లేదు. ముసలామె తిన్న మీఠా లేదు.

"పోయి తప్పని రాయిపిద్దామా?" అన్నాడు రామ్‌చందర్. గడ్డి బేరం దగ్గర నిలబడిపోయినందుకు ఆయన అప్పటికి రెండు పూటలుగా పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఎవల్తోని? ఏమని?" అంది రాజమణి. "పాతబస్తీల ఏం గాలే అని రాస్తె ఎవలు కొంటరయ్యా పేపరు?"

హబీబాబీ ఇంట్లో పాలు మానలేదు. మాట మానింది. పాలు పోసేటప్పుడు తలుపు వెనక నుంచి చెయ్యి మాత్రం వచ్చేది. నడి ఎండాకాలంలో బర్రె ఈనితే రాజమణి అందరికీ పంచినట్టే ముర్రుపాలు ఆ ఇంటికీ తీసుకుపోయి గడప మీద పెట్టి వచ్చింది. సాయంత్రం గిన్నె వెనక్కి వచ్చింది. ఆ గల్లీలో ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి ఇవ్వరు, అందులో పిడికెడు చక్కెర ఉంది. తెచ్చింది ఉమర్ కొత్త పెళ్ళాం. "అమ్మీ పిలుస్తున్నది, జున్ను ఎట్ల జేస్తరో చూపించమని" అంది. హబీబాబీకి జున్ను చెయ్యడం రాజమణి కంటే బాగా వచ్చు. రాజమణి కొంగు దులుపుకుని పోయింది.

కొండల్ సంబంధం సంగతి మాత్రం అక్కడే పడి ఉంది. అడిగితే, "సూద్దాం తియ్యమ్మా" అనేవాడు. వాళ్ళూ వీళ్ళూ చెప్పిన ఇళ్ళలో మూసీ అవతలివాటికి రాజమణే పోవడం మానేసింది. అప్పుడు ఎవరో మూసీ ఇవతలి మాదన్నపేట సంబంధం చెప్పారు. కూరగాయల మండి దగ్గర ఇల్లు, తల్లి బాలమ్మ, పిల్ల పదో తరగతి దాకా చదివింది.

మాదన్నపేట అనగానే రాజమణి జంకింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ నిజం. మాదన్నపేట దిక్కు గొడవలెక్కువని, అక్కడి కుర్రాళ్ళు మాటకు ముందే చెయ్యెత్తుతారని ఆమె ఎన్నేళ్ళుగానో వింటోంది. కొండల్ చిన్నప్పుడు అటు పోతే కాళ్ళు విరగ్గొడతానని బెదిరించింది కూడా. మండిలో దిగి నడుస్తుంటే చెయ్యి దానంతటదే మెడలోని గుండ్ల మీదికి పోయింది. టమాటాలమ్మేవాళ్ళు, బేరాలాడే ఆడవాళ్ళు, ఉల్లిగడ్డల సంచి మీద నిద్రపోతున్న ముసలాయన. ఆ చెయ్యిని తనే చూసుకుని, కిందికి దించేసింది.

బాలమ్మ మంచి మనిషి. కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. కానీ ఏదో అడగాలని అడగలేక కొంగు అంచు చుడుతోంది. రాజమణికి ఆ చుట్టడం తెలుసు.

"అడుగు వదినా" అంది.

"ఏమనుకోకు మల్ల. మాది గూడ పాతబస్తే, నేనేం కొత్తదాన్ని గాదు. గానీ మీ చాంద్రాయణగుట్ట వేరంటరు. గక్కడ పట్టపగలే కత్తులు తిప్పుతరట, పోలీసులు పట్టుకపోయిండ్రట. పేపర్ల గూడ అచ్చిందట గద?"

రాజమణి గొంతు దాకా వచ్చింది కథంతా. ఉమర్ పెళ్ళి, మర్ఫా, వైకుంఠం పరుగు, సంచి, ముసలామె. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చూసుకుంది. ఎంత పొడుగో చూసుకుంది. మొయ్యలేననిపించింది.

"తిప్పుతరు" అంది. "పెండ్లిళ్ళకు తిప్పుతరు. లొల్లి గూడ అయితది, అయినప్పుడు. కానప్పుడు పాలు పోసుకుంట బతుకుతం. గల్లీ సంగతి నేను ఒట్టేసి చెప్పలేను వదినా. నా ఇంటి సంగతి చెప్పుత. మా ఇంట్ల ఆడదాని మీద చెయ్యెత్తిన మొగోడు లేడు, మా ఆయన గాదు, నా కొడుకు గాదు. గంతే నాకు తెలిసింది."

బాలమ్మ కొంగు చుట్టడం ఆపింది. బయట మండిలో ఎవరో తూకం దగ్గర గట్టిగా అరుచుకుంటున్నారు. రాజమణి ఉలిక్కిపడి అటు చూసింది.

"గేం లేదు" అంది బాలమ్మ. "రోజు గట్లనే అరుసుకుంటరు. మల్ల కలిసి చాయ్ తాగుతరు."

"మా దిక్కు గూడ గంతే" అంది రాజమణి.

లోపల గాజుల చప్పుడైంది. పిల్ల తలుపు వెనక నిలబడి వింటోందని ఇద్దరికీ తెలుసు.

"పిల్లకు పాలు పిండొస్తదా?" అని అడిగింది రాజమణి.

"యాడిది! దానికి బర్రెలంటేనే భయం."

"భయపడితె పడనీ" అంది రాజమణి, వెన్ను గోడకు ఆనించి, ఇంట్లోకి వచ్చాక మొదటిసారి కాళ్ళు చాపుకుంటూ. "బర్రెల భయం వారంల పోతది. పిలువు, సూస్త."